ఇంకించిన నీరు ఎక్కడికి వెళ్తుంది? భూగర్భ జలాల రీఛార్జ్ వెనుక లెక్కలు

వానలు తక్కువగా పడే ప్రాంతాల నుంచి రెండు రకాల వార్తలు వస్తుంటాయి. వాగుల మీద చెక్‌డ్యాములు కట్టారు, ఇంకుడు గుంతలు తవ్వారు, బావుల్లో నీరు మూడు మీటర్లు పైకి వచ్చిందన్నది ఒకటి. అవే పనులు చేసిన మరోచోట నాలుగేళ్లు తిరగకుండానే బోర్లు మళ్లీ ఎండిపోయాయన్నది రెండోది. మొదటి వార్త చదివినవారు ప్రతి ఊళ్లోనూ ఇదే చేయాలంటారు. రెండోది చదివినవారు ఈ ఖర్చంతా మట్టిపాలంటారు. రెండు వార్తలూ నిజమే కావచ్చు. ఒకే పని ఒకచోట ఫలించి మరోచోట ఎందుకు విఫలమవుతుందో తెలియాలంటే, నేలలోకి దిగిన నీటి వెంట మనమూ కొంత దూరం వెళ్లాలి.

నేల కింద ఉన్నది చెరువు కాదు

భూగర్భ జలం అనగానే చాలామంది ఊహలో మెదిలేది చీకట్లో పారే ఏరు, లేదా పెద్ద గుహలో నిలిచిన మడుగు. సున్నపురాయి ఉన్న ప్రాంతాల్లో అలాంటివి అక్కడక్కడ ఉన్నమాట నిజమే. మిగిలిన చోట్ల నీరు ఉండేది ఇసుక రేణువుల మధ్య సందుల్లో, రాతి పగుళ్లలో. అలా నీటిని పట్టి ఉంచుకుని, బావికో బోరుకో వదలగలిగిన పొరను ఈ వ్యాసంలో నీటిపొర అందాం. సందులన్నీ పూర్తిగా నీటితో నిండిన భాగానికి పై అంచే నీటిమట్టం. ఆ అంచుకూ నేల ఉపరితలానికీ మధ్య ఉన్న భాగంలో కొంత నీరు, కొంత గాలి కలిసి ఉంటాయి. వాన నీరు ఈ మధ్య భాగాన్ని దాటి నీటిమట్టాన్ని చేరితేనే రీఛార్జ్ జరిగినట్టు. పైమట్టిని తడిపి, వేళ్ల ద్వారా ఆకులకు చేరి ఆవిరైన నీరు మొక్కకు మేలే చేస్తుంది కానీ ఈ ఖాతాలో జమ కాదు.

ప్రకృతిలో ఈ పని తనంతట తానే జరుగుతుంది. కానీ పొడి ప్రాంతాల్లో ఏడాది వానంతా కొద్ది రోజుల్లో కుండపోతగా కురిసి, ఇంకే వ్యవధి లేకుండా పారిపోతుంది. ఆ నీటిని ఆపి, మళ్లించి, కొన్నిసార్లు శుద్ధి చేసి మరీ మనుషులు నేలలోకి పంపడమే కృత్రిమ రీఛార్జ్. కొంతకాలంగా నిపుణులు 'కృత్రిమ' అన్న మాటకు బదులు 'నిర్వహిత' అన్న మాట వాడుతున్నారు. ఆ మార్పు నాకు నచ్చింది. ఎందుకంటే గుంత తవ్వడం ఇందులో చిన్న భాగమే. ఏ నీరు, ఎంత, ఎప్పుడు, ఎవరి కోసం అన్నది చూసుకోవడమే పెద్ద పని.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి, నీటిపొర తనలో ఉన్నదంతా వదలదు. నీటితో నిండిన ఒక ఘనమీటరు శుభ్రమైన ఇసుక సుమారు 200 లీటర్లు వదలగలదు. శిథిలమైన గ్రానైటు వంటి గట్టి రాతి పొర అదే పరిమాణంలో 10 నుంచి 30 లీటర్లే వదులుతుంది. ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కలో చూద్దాం. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద ఏడాదిలో 600 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు. తడిసి ఆరిపోయేది, చిందిపోయేది తీసేసి 48,000 లీటర్లు నేలలోకి దిగాయనుకుందాం. ఆ నీరు ఒక హెక్టారు మేర పరచుకుంటే 4.8 మిల్లీమీటర్ల మందం అవుతుంది. కింద ఉన్నది 20 శాతం వదిలే ఇసుకైతే నీటిమట్టం 2.4 సెంటీమీటర్లు పెరుగుతుంది. 2 శాతమే వదిలే రాయైతే 24 సెంటీమీటర్లు. చేరిన నీరు మాత్రం రెండుచోట్లా సమానం! అందుకే రాతి నేలల్లో మట్టం వానకు ఎగసిపడుతుంది, తోడడం మొదలుపెడితే అంతే వేగంగా పడిపోతుంది. 'మూడు మీటర్లు పెరిగింది' అన్న వార్త చదివినప్పుడు, ఏ నేలలో అన్నది తెలియకపోతే ఆ సంఖ్య దాదాపు ఏమీ చెప్పదు.

ఎండకు దూరంగా దాచుకోవడం

నీటిని నేల మీదే ఎందుకు నిల్వ చేసుకోకూడదు? ఎండ వల్ల. వేడిగా, పొడిగా ఉండే ప్రాంతాల్లో తెరచి ఉన్న నీటి నుంచి ఏడాదికి రెండు మీటర్ల మందం, కొన్నిచోట్ల అంతకు మించి ఆవిరవుతుంది. సగటున నాలుగు మీటర్ల లోతున్న జలాశయంలో సగం ఎవరికీ ఉపయోగపడకుండా గాలిలో కలుస్తుందన్నమాట. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో ఈ నష్టాన్ని తప్పించుకోవడానికే, నీళ్లు సమృద్ధిగా ఉన్న ఏళ్లలో డ్యాముల నీటిని శుద్ధి చేసి బోర్ల ద్వారా నగరం అడుగున ఉన్న రాతి పగుళ్లలోకి ఎక్కిస్తారు. కరవు వచ్చినప్పుడు తిరిగి తోడుకుంటారు.

ఇదే సూత్రం చిన్న స్థాయిలో ఎంత అందంగా పని చేస్తుందో కెన్యాలోని కిటుయి, మచాకోస్ ప్రాంతాల ఇసుక ఆనకట్టల్లో కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగుకు అడ్డంగా గట్టి రాతి పునాది మీద గోడ కడతారు. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక గోడ వెనుక మేట వేస్తుంది. చివరకు గోడ అంచు దాకా ఇసుకే. కొత్తగా చూసినవారికి అది పూడిపోయి పాడైన డ్యాములా ఉంటుంది. కానీ ఆ ఇసుక ఘనపరిమాణంలో పావు వంతుకు పైగా నీరు దాగి ఉంటుంది. ఇసుకలో నీటి అంచు అర మీటరు కిందికి దిగాక ఎండ దాన్ని చేరడం చాలా కష్టం. మండు వేసవిలో పైన కాళ్లు కాలే ఇసుక ఉంటుంది. రెండు చేతులతో తోడుకుంటూ పోతే అడుగున తడి తగులుతుంది, ఇంకాస్త తోడితే గుంతలో తేటనీరు ఊరుతుంది.

పలుచని బురద పొర చేసే నష్టం

నీటిని నేలలోకి పంపే దారులు స్థూలంగా రెండు. మొదటిది పైన పరచి ఇంకించడం: ఊట చెరువులు, చెక్‌డ్యాములు, కందకాలు, వరదను పొలాల మీదికి మళ్లించడం. రెండోది బావి లేదా బోరు ద్వారా నేరుగా లోపలికి పంపడం. పైన ఇసుక, కింద అడ్డులేని పొర ఉన్నచోట మొదటి దారి చవక. మధ్యలో దట్టమైన బంకమట్టి పొర అడ్డుపడితే రెండోదే గతి. మొదటి దారిలో మట్టి నీటిని వడగట్టి పంపుతుంది. రెండోదానిలో ఆ వడపోత లేదు. శుద్ధి చేయని వాననీటిని ఎండిన బోరులోకి వదిలితే రోడ్డు మీది నూనె, పశువుల పేడ, పొలాల మందులు నేరుగా తాగునీటి పొరను చేరతాయి.

ఏ దారి ఎంచుకున్నా ప్రధాన శత్రువు ఒకటే, ఒండ్రు. వరదవేళ వాగు నీటిని ఒక గాజు గ్లాసులో ముంచి కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి పైన తేటపడి అడుగున గోధుమరంగు పొర కనిపిస్తుంది. వేలితో తాకితే వెన్నలా మెత్తగా ఉంటుంది. లీటరుకు రెండు గ్రాములే ఉందనుకుందాం. రెండు మీటర్ల లోతున్న చెరువులో ఒక్కో చదరపు మీటరు మీద 2,000 లీటర్లు నిలుస్తాయి కాబట్టి 4 కిలోల ఒండ్రు దిగుతుంది. అంటే మూడు మిల్లీమీటర్లకు పైగా మందం. ఒక్కసారి నిండితేనే ఇంత. అడుగున ఎంత మంచి ఇసుక ఉన్నా, దాని మీద ఈ మెత్తటి పూత పరచుకున్నాక నీటి వేగాన్ని నిర్ణయించేది ఆ పూతే. దానికి తోడు నాచు, సూక్ష్మజీవులు జిగురులా అల్లుకుంటాయి.

నమీబియా తీరంలో ఒమారురు నది మీద దీనికి చక్కటి ఉపాయం చేశారు. డ్యాములో వరదను ఆపేది నిల్వ కోసం కాదు. ఒండ్రు అడుగుకు దిగేదాకా ఆపి, తేటనీటిని దిగువన ఉన్న ఇసుక మడుల్లోకి వదులుతారు. అక్కడ అది హాయిగా ఇంకిపోతుంది. పెద్ద రీఛార్జ్ కేంద్రాల్లో ఇంకుడు మడులను వంతులవారీగా ఎండబెడతారు. ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా లేచాక గీకి తీసేసి మళ్లీ నింపుతారు. ఇది ఏటా చేయాల్సిన పని. నిర్మాణానికి నిధులు వచ్చి, పూడిక తీయడానికి రాకపోవడమే చాలా పథకాలు చతికిలబడటానికి కారణమని నా అభిప్రాయం.

నిండుగా కనిపించే చెరువు చెప్పే సంగతి

వేసవి దాకా నీళ్లు తొణికిసలాడే ఊట చెరువును చూస్తే ఎవరికైనా సంతోషం కలుగుతుంది. రీఛార్జ్ లెక్కలో మాత్రం అది దుర్వార్త. రెండు మీటర్ల లోతున్న మూడు చెరువులను ఊహించుకుందాం. మూడింటి నుంచీ రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరవుతుంది. పూడిక తీసిన చెరువులో రోజుకు 50 మిల్లీమీటర్లు ఇంకుతుంది. అది 36 రోజుల్లో ఖాళీ అవుతుంది, ఎండ పాలయ్యేది 11 శాతమే. కొంత పూడిన చెరువులో రోజుకు 10 మిల్లీమీటర్లే ఇంకుతుంది. అది 125 రోజులు నిలుస్తుంది, ఎండ తినేది 37.5 శాతం. బాగా పూడిన మూడోదానిలో 4 మిల్లీమీటర్లే ఇంకుతుంది. 200 రోజులు నీళ్లు కనిపిస్తాయి, కానీ అందులో 60 శాతం ఆకాశానికే.

పైగా మొదటి చెరువు త్వరగా ఖాళీ అయింది కాబట్టి అదే వానాకాలంలో రెండోసారీ మూడోసారీ నిండగలదు. మూడో చెరువులోకి తర్వాతి వరద వచ్చినా చోటు లేక మత్తడి మీదుగా పొర్లిపోతుంది. అయితే పశువులు తాగడానికో చేపలు పెంచుకోవడానికో ఊరికి నిలిచే నీళ్లు కావాలి. అదీ న్యాయమైన అవసరమే. ఒకే చెరువు రెండు పనులూ బాగా చేయలేదన్నది ముందుగా మాట్లాడుకోవలసిన విషయం.

మురుగునీరు మళ్లీ తాగునీరయ్యే దారి

వాన మీద ఆధారపడితే కరవు ఏడాది ఇంకించడానికి నీరే ఉండదు. నగరాల్లో ఏడాది పొడవునా వచ్చే నీరు ఒకటుంది, మురుగునీరు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ 1976లోనే బాగా శుద్ధి చేసిన మురుగునీటిని తీరం వెంబడి బావుల్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. అప్పటి లక్ష్యం సముద్రపు ఉప్పునీటిని వెనక్కి నెట్టడం.

తీరప్రాంతాల్లో మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీరు కొంచెం బరువు కాబట్టి సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద దాదాపు 40 మీటర్ల మంచినీరు ఉండగలదు. అదే సూత్రం తిరగబడితే ప్రమాదం. తోడి తోడి ఒక్క మీటరు తగ్గిస్తే అడుగు నుంచి ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి ఎగబాకగలదు. తీరంలో ఎక్కించిన ప్రతి లీటరుకూ విలువ ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఆరెంజ్ కౌంటీ 2008లో అంతకన్నా పెద్ద వ్యవస్థను ప్రారంభించింది. మురుగునీరు సన్నని పొరల వడపోత, రివర్స్ ఆస్మోసిస్, ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి అతినీలలోహిత కాంతి శుద్ధి దాటి నేలలోకి వెళ్తుంది. 2023లో పూర్తయిన విస్తరణతో దాని సామర్థ్యం రోజుకు 13 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 49 కోట్ల లీటర్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం మూడేళ్ల ప్రయోగం తర్వాత ఇదే దారి పట్టింది. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ ప్రాంతపు మురుగునీటిని శుద్ధి చేసి ఇసుక నేలలో ఇంకిస్తారు. ఇసుకే మరో వడపోతగా పని చేస్తుంది. తిరిగి తోడిన నీరు దక్షిణాన నెగెవ్ ఎడారి పొలాలకు వెళ్తుంది. దక్షిణాఫ్రికాలోని అట్లాంటిస్ పట్టణం చేసిన ఏర్పాటు నాకు చాలా ఇష్టం. ఇళ్ల నుంచి వచ్చే మెరుగైన నీటిని బావులకు ఎగువన ఇంకిస్తారు. కర్మాగారాల ఉప్పగిల్లిన నీటిని సముద్రం అంచున ఇంకించి, సముద్రపు నీటికి అడ్డుగోడగా వాడతారు. ఒకే ఊరి నీటిని దాని గుణాన్ని బట్టి వేరు చేసి వాడటం ఎంత శ్రద్ధ గల పని!

ఈ పద్ధతి మీద అభ్యంతరాలను కొట్టిపారేయడం సరికాదు. మందుల అవశేషాలు, పరిశ్రమల రసాయనాలు సాధారణ శుద్ధిలో పూర్తిగా పోవు. గట్టి శుద్ధికి విద్యుత్తు, ఉప్పు వ్యర్థాలను వదిలే చోటు, నిత్య పరీక్షలు కావాలి. సమర్థించేవారి వాదనా బలమైనదే. నదిలోకి వదిలిన మురుగునీటిని దిగువ ఊళ్లు ఎలాగూ తాగుతున్నాయి, దానికన్నా తెలిసి శుద్ధి చేసింది మేలంటారు. నమ్మకం శుద్ధి యంత్రం నుంచి పుట్టదు, పరీక్షల ఫలితాలను ప్రజల ముందు పెట్టడం నుంచి పుడుతుంది.

మంచినీరు రాయిని తాకినప్పుడు

పంపిన నీరు శుభ్రంగా ఉంటే చాలదు. ఫ్లోరిడాలో సున్నపురాతి పొరల్లోకి బావుల ద్వారా నీటిని ఎక్కించి తర్వాత తోడితే అందులో ఆర్సెనిక్ బయటపడింది. పంపిన నీటిలో అది లేదు. రాతిలోని పైరైట్ ఖనిజంలో ఆర్సెనిక్ వేల ఏళ్లుగా కదలకుండా ఉంది. ఆక్సిజన్ కలిసిన నీరు తగలగానే పైరైట్ కరిగి దాన్ని వదిలింది. తర్వాత ఎక్కించే ముందు నీటి నుంచి ఆక్సిజన్ తీసేయడం వంటి పద్ధతులు వచ్చాయి. కొన్నిచోట్ల దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువున్న పొరలోకి వాననీరు చేరి ఆ గాఢత తగ్గుతుంది. ఏది జరుగుతుందో అక్కడి రాయిని, నీటిని పరీక్షించి చూడాల్సిందే.

ఖాళీ అయిన చోటు మళ్లీ నిండుతుందన్న భరోసా కూడా అన్నిచోట్లా లేదు. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో 1925 నుంచి 1977 మధ్య అతిగా తోడటం వల్ల మెండోటా దగ్గర నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. నీరు పోయాక బంకమట్టి పొరలు నొక్కుకుపోయాయి. ఆ తర్వాత ఎంత నీరు ఎక్కించినా నొక్కుకుపోయిన బంకమట్టిలోని సందులు తిరిగి తెరుచుకోవు.

ఎగువ ఊరి లాభం, దిగువ ఊరి నష్టం

అసలు చిక్కు ఇక్కడుంది. రీఛార్జ్ నీటిని పుట్టించదు. దాని చోటు, కాలం మారుస్తుంది, అంతే. ఎగువన చెక్‌డ్యాములో ఆగిన వరద, లేకపోతే దిగువ చెరువుకో మడ అడవులకో చేరి ఉండేది.

రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో 1980ల మధ్య నుంచి తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి గ్రామస్థులు జోహడ్లు, అంటే మట్టికట్టల చిన్న చెరువులు, వరసగా కట్టుకున్నారు. ఎండిపోయిన అర్వరీ నది మళ్లీ పారింది. సుమారు 70 గ్రామాలు కలిసి అర్వరీ సంసద్ అనే ఉమ్మడి సభను ఏర్పాటు చేసుకుని, నీరు ఎక్కువగా తాగే పంటలు వద్దని కట్టడి పెట్టుకున్నాయి. ఈ కథలో జోహడ్లకే పేరు వచ్చింది, కట్టడికి రావలసినంత రాలేదు. అదే పరీవాహకంపై జలశాస్త్రవేత్తలు చేసిన విశ్లేషణల్లో మరో ముఖమూ కనిపించింది. నిర్మాణాలు పెరిగేకొద్దీ భూగర్భ జలం పెరిగినా దిగువకు పారే నీరు తగ్గుతుంది. ఒక స్థాయి దాటాక ఇంకొకటి కట్టినా కొత్త లాభం పెద్దగా ఉండదు.

ఎగువవారి పక్షాన చెప్పేవారి మాటలో న్యాయం ఉంది. పెద్ద జలాశయం నీరు కాలువల ఊళ్లకే వెళ్తుంది, ఎత్తున ఉన్న మెట్ట ఊళ్లకు తమ మీద కురిసిన వానే దిక్కు. దిగువవారి మాటలోనూ న్యాయం ఉంది. వాళ్ల తాగునీరు కూడా ఆ వాగే. నదిలో ఏ ఏడాదీ మిగులు నీరు లేనిచోట ఇది పంపకం తగాదా, మంచి వరద వచ్చి వృథాగా పోయేచోట నిజంగా అదనపు లాభం.

దాచిన నీరు ఎవరిదన్నది మరో ప్రశ్న. అమెరికాలోని అరిజోనా 1996లో దీనికోసం ప్రత్యేక సంస్థను పెట్టి, కొలరాడో నది నీటిని నేలలో దాచి జమలు కూడబెట్టే పని అప్పగించింది. సాధారణంగా 5 శాతం నేలకే వదిలేసి మిగతాది దాచినవారి ఖాతాలో వేస్తారు. ఒకచోట దాచి వేరేచోట తోడుకునే వీలు ఉండటం దీని మీద ప్రధాన విమర్శ. ఇలాంటి ఖాతా ఏదీ లేనిచోట, ఇంకించినవారి నీరు లోతైన బోరు ఉన్నవారి మోటారుకు అందుతుంది.

ఒక ఊరి ఖాతా

2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచమంతటా ఇలా పద్ధతిగా నేలలోకి పంపే నీరు ఏటా సుమారు 1,000 కోట్ల ఘనమీటర్లు. తోడే భూగర్భ జలంలో అది దాదాపు 1 శాతం. స్థానికంగా ప్రాణాధారమైన నీరే, కానీ తోడకానికి దీటైనది కాదు. ఒక ఊహాత్మక ఊరి మీద ఈ పోలిక చేసి చూద్దాం.

గట్టిరాతి నేల, 500 హెక్టార్లు. చెక్‌డ్యాములు కట్టాక వానాకాలంలో నీటిమట్టం 3 మీటర్లు పెరిగింది. ఏ నిర్మాణమూ లేని పక్క ఊళ్లో అదే ఏడాది 2.2 మీటర్లు పెరిగింది. అది వాన పుణ్యం. నిర్మాణాల వల్ల వచ్చింది 0.8 మీటరు. ఆ రాయి వదిలేది 2 శాతం కాబట్టి అసలు నీరు 16 మిల్లీమీటర్ల మందం. 500 హెక్టార్ల మీద అది 80,000 ఘనమీటర్లు.

ఇప్పుడు ఖర్చు వైపు. సెకనుకు 3 లీటర్లు పోసే బోరు రోజుకు 6 గంటలు నడిస్తే 64.8 ఘనమీటర్లు. 100 రోజుల పంటకాలంలో 6,480. అంటే వచ్చిన 80,000 ఘనమీటర్లు 12 బోర్లకు సరి. పొలంలో పెట్టిన నీటిలో పావు వంతు తిరిగి ఇంకుతుందనుకున్నా 16 బోర్లు. నీళ్లు పెరిగాయన్న ఆశతో ఆ ఊళ్లో రెండేళ్లలో 20 కొత్త బోర్లు పడితే, చెక్‌డ్యాములు ఎప్పటిలాగే పని చేస్తూనే ఉంటాయి, మట్టం మాత్రం కట్టకముందు కన్నా కిందికి పోతుంది. అదే నీటిని తాగునీటికి కేటాయిస్తే రోజుకు మనిషికి 100 లీటర్ల చొప్పున 2,000 మందికి సుమారు 400 రోజులు వస్తుంది.